జానెడు ఎక్కువ

సబ్బుల ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళు గడిచినా, గట్టిగా ఒక వాన కురిస్తే చాలు, ఆ ఖాళీ స్థలం ఇప్పటికీ నురగ కక్కుతుంది. అంతకాలం మట్టిలో ఇంకిన సబ్బు అంత తేలిగ్గా వదులుతుందా? నురగ కాలవ కట్టి పక్క వీధిలోకి దిగుతుంది. వీధిలోవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని, ఫ్యాక్టరీవాళ్ళనీ కౌన్సిల్‌వాళ్ళనీ ఒకే ఊపిరిలో తిట్టుకుంటూ నడుస్తారు. కౌన్సిల్‌ని తిట్టడంలో న్యాయం ఉంది. ఆ స్థలంలో ఇళ్ళు కట్టాలని తీర్మానం చేసి, ఎన్ని కట్టాలో తేల్చకుండా కూర్చున్నది వాళ్ళే మరి.

ఎకరానికి ఎన్ని ఇళ్ళు అన్నది కాయితం మీద ఒక అంకె. అంకెని చూసి ఎవరూ భయపడరు. అంతస్తు అనేసరికి మాత్రం అందరికీ గుండె దడ. నాలుగంతస్తులు కడితే కొన్ని ఇళ్ళు వస్తాయి, ఆరు కడితే అందులో సగం మళ్ళీ ఎక్కువ వస్తాయి. తగాదా అంతా ఇంతే. ఈ ముక్క తేల్చలేక కౌన్సిల్లో పెద్దమనుషులు గొంతులు చించుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ చించుకునేవారు.

నాలుగు పక్షానికి పెద్ద దిక్కు ఆ వీధి కౌన్సిలరమ్మ. వృత్తికి దర్జీ. వీధి మొదట్లో కుట్టు షాపు, షాపు వెనక రెండు గదుల ఇల్లు. ఎన్నికల్లో ఆవిడ ఇచ్చిన వాగ్దానం ఒక్కటే. "నాలుగంతస్తులు! ఆ పైన జానెడు కూడా ఒప్పుకోను!" అని బొటనవేలూ చిటికెనవేలూ బారచాపి జాన పెట్టి మరీ చూపించేది. ఆ జానకి జనం మురిసిపోయి ఓట్లు గుద్దేశారు. అప్పట్నుంచి వీధిలో ఆవిడ పేరు నాలుగంతస్తులమ్మ.

వీధికి నాలుగు మీద అంత మమకారం దేనికంటే, ఎండ కోసం. పొద్దుటి ఎండ ఫ్యాక్టరీ స్థలం మీదుగానే వాళ్ళ డాబాల మీదికి వస్తుంది. బట్టలారేది ఆ ఎండలోనే, పిల్లల తల తడి ఆరేది ఆ ఎండలోనే. అందరికంటే ఎక్కువ పట్టింపు రిటైరైన పోస్ట్‌మాన్‌ది. ఆయన్ని అందరూ ఎండతాత అంటారు. రోజూ పొద్దున్నే డాబా మీద కుర్చీ వేసుకుని, ప్యాంటు పైకి మడుచుకుని, రెండు మోకాళ్ళనీ ఎండకి అప్పగించి కూర్చుంటాడు. "జన్మంతా ఊరి ఉత్తరాలు మోసిన మోకాళ్ళమ్మా ఇవి! వీటికి వేరే ఏ సుఖమూ లేదు. ఎండొక్కటి ఉండనివ్వండి" అని కౌన్సిలరమ్మ చేత ఒట్టు వేయించుకున్నది ఆయనే.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఇంట్లో ఉంది.

ఆవిడ ఆడపడుచు, అంటే మొగుడి అక్క, ఆ ఫ్యాక్టరీలోనే సబ్బులకి కాయితం చుట్టే పని చేసేది. భర్త పోయాక కూడా క్వార్టర్స్‌లో ఒంటిగది పట్టుకుని ఎవరికీ తలవంచకుండా బతికింది. క్వార్టర్స్ పడగొట్టినప్పుడు, "కొత్త ఇళ్ళు లేచేదాకా, ఓ నాలుగు నెలలు" అంటూ ఒక ట్రంకుపెట్టెతో తమ్ముడింటికి వచ్చింది. ఆ నాలుగు నెలలూ మూడేళ్ళయ్యాయి. షాపులో కటింగ్ బల్ల వెనక ఒక మడతమంచం, దాని ముందు ఒక తెర. అదీ వదినగారి నివాసం. మొదటి గిరాకీ వచ్చేలోపు మంచం మడిచేయాలి, చివరి గిరాకీ పోయాకే మళ్ళీ వాల్చుకోవాలి.

చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు వదిన. కాజాలు కుట్టేది, పైజమాలకి బొందులు ఎక్కించేది, కుట్టు అయిన బట్టల్ని సబ్బుబిళ్ళకి చుట్టినట్టు నాలుగు మూలలూ లోపలికి మడిచి పొట్లం కట్టేది. ఆ పొట్లం విప్పడానికి గిరాకీలకి మనసొప్పేది కాదు. అయితే చేతులతో పాటు నోరు కూడా ఊరుకునేది కాదు. "ఏమే మరదలా, ఈ కూరలో ఉప్పు నీ ఉపన్యాసంలో విషయంలా ఉందే, వెతుక్కోవాల్సొస్తోంది" అనేది. రంగుల వారీగా ఉన్న బొత్తాల డబ్బాల్ని సైజుల వారీగా మార్చేది. కౌన్సిలరమ్మ పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ రంగుల్లోకి మార్చేది. బస్సు డ్రైవరైన మొగుడు డ్యూటీ దిగి వచ్చి, ఇద్దర్నీ చూసి, "ఇల్లు ఇరకటం, ఆలి మరకటం" అని గొణిగి, ఎవరైనా విన్నారేమోనని బెదిరి, బస్సు తుడవాలంటూ మళ్ళీ బయటికి పోయేవాడు.

ఒక మధ్యాహ్నం వదిన కాజా కుడుతూ, పక్కనున్న మనిషితో కాదు సూదితో చెబుతున్నట్టుగా అంది.

"తెరకి తట్టడానికేముంటుందే? ఎవరైనా వచ్చి తలుపు తట్టాలి. నేను లోపల్నించి 'ఎవరూ?' అనాలి. ఆ మాట అని ఎన్నాళ్ళయిందో."

కౌన్సిలరమ్మ కాళ్ళకింద మిషను ఆగిపోయింది. "అబ్బో, మహారాణీగారు! ద్వారపాలకుల్ని కూడా పెట్టమంటారా?" అని నవ్వేసి మళ్ళీ తొక్కడం మొదలెట్టింది. కానీ ఆ మాట ఆవిడ లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

కొత్తగా కట్టే ఇళ్ళల్లో మూడోవంతు పాత క్వార్టర్స్‌వాళ్ళకి ఇవ్వాలని నియమం. ఎవరి సర్వీసు ఎక్కువైతే వాళ్ళు ముందు. నాలుగంతస్తులైతే ఆ వరస వదిన దగ్గరికి వచ్చేలోపే తెగిపోతుంది. ఆరైతే ఆవిడకి ఖాయంగా ఒక ఇల్లు వస్తుంది. అంటే వీధికిచ్చిన మాట నిలిస్తే వదినకి తలుపు లేదు. వదినకి తలుపు వస్తే మాట లేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పైగా ఆరుకి ఒప్పుకుంటే జనం ఊరుకుంటారా? 'ఆడపడుచుని వదిలించుకోవడానికి వీధినే అమ్మేసింది' అనరూ? అంటారు. వేరే ఎవరి విషయంలోనైనా అయితే ఆ మాట ముందుగా అనేది కౌన్సిలరమ్మే.

ఇలా ఉండగా కౌన్సిల్ ఇంజనీరుకి ఒక ఆలోచన వచ్చింది. పాపం, ఆయన మెతక మనిషి. ప్రతి సభలోనూ "ఒక్క మాటండీ" అని లేచేవాడు. అధ్యక్షులవారికి ఆకలెక్కువ, ఓపిక తక్కువ. ఆ ఒక్క మాట పూర్తయ్యేలోపు చేతిగంట వాయించి భోజన విరామం ప్రకటించేవారు. ఈసారి ఇంజనీరు లేవకుండా కూర్చునే గబగబా చెప్పేశాడు: "ఆరంతస్తుల ఎత్తు ఎంతో నోటితో చెబితే అర్థం కాదండీ. అంత పొడుగు తాడుకి ఎర్రబెలూన్ కట్టి స్థలం మధ్యలో ఎగరేద్దాం. జనం కళ్ళతో చూసుకుంటారు. ఇంకొక్క మాటండీ, ఆ పై రెండంతస్తులూ..."

గంట మోగింది. బెలూన్ వరకు తీర్మానం పాసయింది. పై రెండంతస్తుల మాట భోజనంలో కలిసిపోయింది.

మర్నాడు ఇంజనీరు తాడు చుట్టతో సరాసరి కుట్టు షాపుకే వచ్చాడు. "మేడమ్, అంతస్తుకి ఒకటి చొప్పున రంగు పేలికలు కుట్టివ్వండి. ఎక్కడెక్కడో గుర్తులు పెట్టాను. పొడుగు నేనే దగ్గరుండి కొలిచాను, చివర మేకుకి కట్టుకోవడమే." దొంగచేతికే తాళాలిచ్చినట్టయింది. కాకపోతే ఆ క్షణానికి ఆవిడ ఇంకా దొంగ కాదు.

వదిన దారం ఉండలు కొనడానికి వెళ్ళింది, టేపు ఎప్పట్లాగే మెళ్ళో వేసుకునే పోయింది. షాపులో ఎవరూ లేరు. కౌన్సిలరమ్మ ఆరు పేలికలూ బుద్ధిగా కుట్టింది. సూది పక్కన పెట్టబోతూ ఆగింది. బెలూన్ కాస్త కిందికి ఉంటే? వీధివాళ్ళు చూసి 'ఓస్, ఆరంటే ఇంతేనా' అనుకుంటే? వాళ్ళంతట వాళ్ళే సరేనంటే తను మాట తప్పినట్టూ ఉండదు, వదినకి తలుపు దక్కినట్టూ ఉంటుంది కదా! రెండు చేతులూ చాచి తాడుని ఒక బార కొలిచింది. నేల వైపు కొసకి దగ్గర్లో ఆ బారెడు తాడునీ ముందుకీ వెనక్కీ మడిచి కుచ్చు పెట్టి, గట్టిగా కుట్టేసి, పైన ఇంకో పేలిక చుట్టేసింది. చూసేవాళ్ళకి అదీ ఒక గుర్తే అనిపిస్తుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగింది.

సాయంత్రం ఎవరింట్లోనో కిటికీ తెరలు కొలవాలంటే, ఈసారి టేపు తన మెళ్ళో వేసుకుని ఆవిడ వెళ్ళింది. తిరిగొచ్చేదాకా షాపుకీ, తాడుకీ వదినే కాపలా.

బెలూన్ ఎగరేసిన పొద్దున గాలి లేదు. వీధివీధంతా డాబాలెక్కింది. ఎర్రబెలూన్ మెల్లగా లేచి, ఒక్కొక్క పేలికనే లాక్కుంటూ పైకి పోయి, తాడు బిగిసి నిలబడింది. "అమ్మో! అంత ఎత్తే!" అన్నారు నాలుగు కావాలన్నవాళ్ళు. "ఓస్! ఇంతేనా!" అన్నారు ఆరు కావాలన్నవాళ్ళు. ఎండతాత కుర్చీలోంచి గావుకేక పెట్టాడు.

"నీడ! బెలూన్ నీడ నా ఎడమ మోకాలి మీద పడింది! కళ్ళారా చూశాను!"

"అది నీ చెయ్యి నీడ తాతా" అంది పక్క డాబా ఆవిడ.

"నా చెయ్యి నీడ నాకు తెలీదూ?"

అద్దాల షాపు పెట్టుకున్న ఒక కౌన్సిలర్ కింద రోడ్డు మీద చేతులు నడుముకి పెట్టుకుని నిలబడ్డాడు. ఆరు పక్షానికి ఆయన నాయకుడు. ఎన్ని ఇళ్ళో అన్ని కిటికీలు, ఎన్ని కిటికీలో అన్ని అద్దాలు, ఆ మాత్రం లెక్క ఆయనకొచ్చు. "వీధిలో వీధిదీపం ఇంతకంటే ఎత్తుంది" అంటున్నాడు.

మొత్తానికి ఒక్కరూ మనసు మార్చుకోలేదు. అంత పాపం మూటగట్టుకున్నా ఒరిగిందేమీ లేదని కౌన్సిలరమ్మ ఉసూరుమంది. అన్నిటికంటే వింత ఏమిటంటే, తను బారెడు మింగేసిన తాడు కాస్త కూడా పొట్టిగా కనపడటం లేదు. పక్కనే నిలబడ్డ వదిన బెలూన్‌ కేసి చూడనే లేదు, మరదలి మొహంకేసే చూస్తోంది. "ఏంటి వదినా?" అంటే, "ఏం లేదే, ఎండ" అని కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఊరంతా పైకి చూస్తుంటే కింద మేకు దగ్గర ముడి ఎవరు చూస్తారు? ఎవరూ చూడలేదు.

ఓటు రోజు రానే వచ్చింది. ఆ కౌన్సిల్లో చేతులెత్తే పద్ధతి లేదు. ఎప్పుడో ఒకాయన రెండు చేతులూ ఎత్తి రెండు ఓట్లు వేసుకున్నాడట. అప్పట్నుంచి కాళ్ళతోనే ఓటు. అవుననేవాళ్ళు లేచి కిటికీల పక్కకి నడవాలి, కాదనేవాళ్ళు తలుపు పక్కకి నడవాలి. ఆ రోజు తీర్మానం ఆరంతస్తులకి. అటెంతమందో ఇటూ అంతమందే. కౌన్సిలరమ్మ ఎటు నడిస్తే అటే మొగ్గు, ఆ సంగతి హాల్లో ఫ్యాను తిప్పే బంట్రోతుకి కూడా తెలుసు. తలుపు దగ్గర జనం కూర్చునే బెంచీల మీద వీధి మొత్తం దిగింది. ముందు బెంచీలో ఎండతాత, ఆయన పక్కన వదిన.

అద్దాల షాపాయన లేస్తూనే నిప్పు అంటించాడు.

"అధ్యక్షా! ఆ బెలూన్ ఉండాల్సిన దానికంటే ఎత్తు ఎగిరింది. జనాన్ని బెదరగొట్టడానికి తాడు పెంచారు. ఆ తాడు ఎవరి షాపులో పడుకుందో నేను చెప్పక్కర్లేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కౌన్సిలరమ్మ చివాల్న లేచింది. "పెంచడమా? ఎవరు పెంచారు? ఉంటే గింటే తక్కువే ఉంటుంది!" అనేసి, నాలిక్కరుచుకుని కూర్చుంది. ఆ తక్కువ సంగతి ఈవిడకెలా తెలుసా అని ఎవరూ అడగకముందే అద్దాల షాపాయన "కొలవండి!" అన్నాడు. "కొలవండి, కొలవండి!" అని రెండు పక్షాలూ మొదటిసారి ఒకే మాట మీదికి వచ్చాయి.

హాల్లో తాడు పట్టదు. తాడు వరండాలో పరిచారు, కౌన్సిలర్లూ జనమూ దాని వెంట అటూ ఇటూ నిలబడ్డారు. అధ్యక్షులవారు గంట చేత పట్టుకునే వచ్చారు. ఇంజనీరు వంగి పేలికలు లెక్కపెడుతూ వెళ్ళి, కొస దగ్గర ఆగాడు.

"ఆరంతస్తులకి ఏడు పేలికలెందుకున్నాయి మేడమ్?"

ఆయన ఏడో పేలిక విప్పితే లోపల ముద్దుగా కుచ్చు, కుచ్చు మీద వరసగా కుట్లు. జనం ఇంకా ఆశ్చర్యపోవడం పూర్తికాకముందే అద్దాల షాపాయన తాడు కొస పట్టుకుని పైకెత్తాడు.

"ఇదేంటిది? ఇది తాడు కాదే! పైజమా బొందు కదూ?"

తాడుకి బారెడు తెల్లబొందు అతికించి ఉంది. అతుకు మీద చిన్న గుడ్డముక్క, నాలుగు మూలలూ లోపలికి మడిచి, సబ్బుబిళ్ళకి కాయితం చుట్టినంత పొందిగ్గా ఉంది. ఊరి భవిష్యత్తు పైజమా బొందుకి వేలాడిందని తెలిసి వరండా వరండా పగలబడి నవ్వింది. ఇంజనీరు మాత్రం నవ్వకుండా ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి, మళ్ళీ కొలిచి, నెత్తి గోక్కున్నాడు.

"కుచ్చు పోనూ, బొందు కలుపుకుని చూస్తే... ఉండాల్సిన దానికంటే జానెడు ఎక్కువండీ."

"జానెడా!" అద్దాల షాపాయన బొటనవేలూ చిటికెనవేలూ చాచి గాల్లో జాన పెట్టాడు. "జానెడు కూడా ఒప్పుకోనన్నది తమరే కదమ్మా!"

కౌన్సిలరమ్మకి ఆయన మాట వినపడటం లేదు. ఆ నాలుగు మూలల మడత కేసే చూస్తోంది. అలాంటి మడత పెట్టే చేతులు ఈ ఊళ్ళో రెండే ఉన్నాయి. తలెత్తేసరికి జనంలోంచి వదిన తోసుకుని వచ్చి కుచ్చు మీద కుట్లకేసి చూస్తోంది.

"వదినా! ఈ బొందు మీ పనేనా?"

"ముందు ఈ కుట్టు సంగతి చెప్పు! పది కుట్లకోసారి ఒకటి దాటేసే అలవాటు నీది కాక ఇంకెవరిదే?" అంది వదిన. "అయితే ఎత్తు తగ్గించావన్నమాట. ఆరు రావాలని! నేనెప్పుడు పెట్టె సర్దుతానా అని అంత ఆత్రంగా ఉందా నీకు? నోటితో చెబితే పోయేదాన్ని కదే!"

"బాగుంది! మరి మీరు పెంచారేం? ఆరు రాకూడదనా? చచ్చేదాకా నా కటింగ్ బల్ల వెనకే తిష్ట వేద్దామనా?"

అధ్యక్షులవారు గంట వాయించారు. ఇద్దరూ ఆయన వైపు తిరిగి ఒక్కసారే "మీరాగండి!" అన్నారు. ఆయన ఆగారు.

"నీ మాట నిలవాలనే పెంచానే పిచ్చిదానా!" అంది వదిన. "నిన్ను నమ్మి వీధంతా ఓటేసింది. నాకోసం నువ్వు లోపల్లోపల నలిగిపోవడం నాకు కనపడదూ? నీ మాట పోగొట్టి సంపాదించిన ఇంట్లో నాకు నిద్రెలా పడుతుంది? బెలూన్ చూసి జనం జడుసుకుంటే ఆ గొడవ అక్కడితో వదిలిపోతుందనుకున్నాను."

"నేను మీకో తలుపు ఉండాలని తగ్గించాను" అంది కౌన్సిలరమ్మ. ఎన్ని సభల్లోనో ఖంగుమన్న గొంతు ఆ ఒక్కమాట దగ్గర బీటలు వారింది. "ఎవరో తట్టాలనీ, మీరు 'ఎవరూ' అనాలనీ... మీరే కదా అన్నారు!"

వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అయితే నన్ను పొమ్మని కాదా?"

"మీరుంటే బొత్తాల డబ్బాలు మార్చి నన్ను చంపుతారు. పోతే దిగులుతో చస్తాను. ఎటైనా నాకు చావే!" అని కౌన్సిలరమ్మ అందరి ముందూ భోరుమంది. వదిన గబుక్కున వచ్చి మరదల్ని పొదివి పట్టుకుంది. అప్పుడు తెలిసింది చూసేవాళ్ళకి ఆ లెక్క. ఇద్దరూ కొలిచింది ఒక్కొక్క బారే. మరదలు పొట్టి, వదిన పొడుగు. ఆ తేడాయే జానెడు.

మళ్ళీ హాల్లోకి చేరాక అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "తీర్మానం వల్ల దగ్గరి చుట్టాలకి లాభం ఉంటే ఆ మెంబరు సభకి చెప్పి మరీ ఓటేయాలని నియమం. చెప్పేశారు, కాస్త గట్టిగానే చెప్పారు. తాడు సంగతి ఇద్దరి వల్లా జరిగింది గనక చీవాట్లు తర్వాత తీరిగ్గా పెడతాను. ఇక..."

"ఒక్క మాటండీ" అని లేచాడు ఇంజనీరు.

గంట పైకి లేచింది. బెంచీల్లోంచి వదిన గొంతు అంతకంటే పైకి లేచింది. "ఆ అబ్బాయిని చెప్పనివ్వండి బాబూ! ఎప్పుడు చూసినా గంటేనా?" అధ్యక్షులవారు ఉలిక్కిపడి గంటని ఒళ్ళో పెట్టుకున్నారు. ఇంజనీరుకి తన మాట పూర్తిచేసే అలవాటే పోయింది, కాసేపు తడబడ్డాడు.

"ఏం లేదండీ. పై రెండంతస్తుల్నీ రైలు పట్టాల వైపుకి వెనక్కి జరిపి కడితే, వీధిలోంచి చూసేవాళ్ళకి నాలుగే కనపడతాయి. డాబాల మీదికి ఎండ వస్తుంది. చలికాలంలో మాత్రం ఓ అరగంట ఆలస్యంగా వస్తుంది. మొదటి సభలోనే చెబుదామనుకున్నాను."

"అరగంటా!" అన్నాడు ఎండతాత, ఎవరో జేబులో చెయ్యిపెట్టినట్టు.

అధ్యక్షులవారు ఆ మాట కూడా తీర్మానంలో రాయించి, ఇక ఓటుకి నడవమన్నారు. అందరూ లేచి అటూ ఇటూ సర్దుకున్నారు. మధ్యలో కౌన్సిలరమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడ ముందు తలుపు వైపుకే నడిచింది. వీధివాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆవిడ ఎండతాత బెంచీ దగ్గర ఆగిపోయింది.

"తాతా, మీకు మాటిచ్చాను. ఆ మాట మీద గెలిచాను. ఇప్పుడు ఆ అరగంటా మీ మోకాళ్ళ దగ్గర్నుంచి తీసుకుని మా వదినకిస్తున్నాను. వదినకే కాదు, ఆవిడ వెనక వరసలో నిలబడ్డ వాళ్ళందరికీ. తప్పే. మొన్న దొంగచాటుగా తప్పాను, ఇవాళ మీ కళ్ళముందే తప్పుతున్నాను. నన్ను తిట్టుకోండి."

వదిన తల వంచుకుని చేతుల్లో కొంగు చివర మడతలు పెడుతోంది. కౌన్సిలరమ్మ వెనక్కి తిరిగి, హాలు పొడుగునా నడుచుకుంటూ కిటికీల దగ్గరికి వెళ్ళింది. దారిలో నాలుగు పక్షంవాళ్ళ మొహాలు చూసే ధైర్యం లేక నేలకేసి చూస్తూ నడిచింది. ఆరంతస్తులు ఒక్క ఓటుతో నెగ్గాయి. అద్దాల షాపాయన చేయి కలపబోతే ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఎండతాత టోపీ పెట్టుకుని, ఎవరికోసమూ ఆగకుండా, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మాట తప్పినవాళ్ళని వీధి ఊరికే వదలదు. తర్వాతి ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయింది. "నా ఓటు నీకే వేశానమ్మా, ఒట్టు" అని కనపడ్డ ప్రతివాళ్ళూ చెబుతారు, అందరికంటే గట్టిగా ఎండతాత చెబుతాడు. వాళ్ళందరూ నిజంగా వేసి ఉంటే ఆవిడ రాష్ట్రమంతా గెలిచి ఉండేది. పాత పేరు కూడా పోయింది. ఇప్పుడు వీధి మొత్తానికి ఆవిడ జానెడమ్మ.

ఇళ్ళు లేచాయి. వదినకి అయిదో అంతస్తులో వచ్చింది, రైలు పట్టాల వైపు వెనక్కి జరిపిన భాగంలో. ట్రంకుపెట్టె తమ్ముడు మోశాడు. వదిన వెళ్ళిపోయిన రోజు కటింగ్ బల్ల వెనక అంత చోటు ఖాళీ అయ్యేసరికి కౌన్సిలరమ్మకి, కాదు, జానెడమ్మకి ఏం చేయాలో తోచలేదు. మడతమంచం తుడిచి పెట్టింది. తెర ఊడదీసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, బొత్తాల డబ్బాలన్నీ దించి, రంగుల్లో ఉన్నవాటిని ఒక్కొక్కటే సైజుల వారీగా మార్చింది.

మర్నాడు పొద్దున కూరగిన్నె ఒకటి గుడ్డలో కట్టుకుని బయలుదేరింది. లిఫ్టు ఇంకా పనిచేయడం లేదు. నాలుగో అంతస్తు దగ్గర ఆయాసం తీర్చుకుంటూ పైకి చూస్తే, వదిన తన గుమ్మంలో నిలబడి మెట్ల సందులోంచి కిందికి తొంగి చూస్తోంది. "రావే రావే, ఎంతసేపు?" అని కూడా అంది. ఈవిడ మిగతా మెట్లెక్కేసరికి గుమ్మంలో వదిన లేదు. తలుపు వేసి ఉంది.

ముందు ఏమీ అర్థం కాలేదు. అంతలోనే అర్థమై, ఆయాసంలోనే నవ్వొచ్చి, నవ్వుతోపాటు కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చి, గిన్నె చంకలో పెట్టుకుని తలుపు తట్టింది.

"ఎవరూ?" అంది లోపల్నించి వదిన.

"నేనే వదినా."

"నేనంటే?"

"జానెడమ్మని!"

లోపల గడియ కదిలిన చప్పుడైంది. వదిన దాన్ని ఎంతో నిదానంగా తీసింది.